కలకత్తాలో కావలి సోదరుల వెంట

గురువారం

నేషనల్ లైబ్రరీలో నా పని గురువారం మధ్యాహ్నానికి పూర్తయింది. పుస్తకాలు కౌంటర్లో అప్పజెప్పి, నోట్సు కాగితాలు సంచీలో సర్దుకుని బయటికి వచ్చేసరికి డిసెంబరు ఎండ ఒంటికి హాయిగా తగిలింది. ఊరెళ్లే రైలు మంగళవారం పొద్దున. వచ్చిన దగ్గర్నుంచీ నేనెరిగిన కలకత్తా అంతా లేక్ మార్కెట్ దగ్గర అద్దెగది, ఆలీపూర్ బస్సు, రీడింగ్ రూములో నా బల్ల, అంతే. ఇక ఊరు చూడాలి.

లైబ్రరీ ఆవరణ చాలా పెద్దది. పుస్తకాలన్నీ భాషా భవన్ అనే కొత్త కట్టడంలోకి మారాయి కానీ, పచ్చిక మధ్య తెల్లగా నిలబడ్డ బెల్వెడేర్ భవనాన్ని చూడకుండా గేటు దాటబుద్ధి కాలేదు. ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు కాపురమున్న ఇల్లది. స్వాతంత్ర్యం వచ్చాక గ్రంథాలయానికి ఇచ్చారు. 1953లో జనానికి తలుపులు తెరిచారు. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి ఇక్కడికి పంపాలని 1954లో చట్టం వచ్చింది. ఆ చట్టం పుణ్యమా అని ఎక్కడో తెలుగు ఊళ్లో అచ్చయిన పుస్తకం కూడా ఇక్కడికి చేరుతుంది.

నా పని అంతకంటే చాలా పాతది. కాలిన్ మెకంజీ పేరు, ఊరి చరిత్రలు రాసిపెట్టిన కైఫీయత్తుల మాట మనలో చాలామంది వినే ఉంటారు. ఊరూరా శాసనాలు, స్థలపురాణాలు, కరణాల దగ్గరున్న పాత లెక్కలు సేకరింపజేసిన సర్వే అధికారి ఆయన. కానీ ఆయనకు మన భాషలు రావు. ఊళ్లో పెద్దలతో మాట్లాడింది, పాత లిపుల్ని కూడబలుక్కుని చదివింది, ఇంగ్లీషులో రాసిపెట్టింది ఏలూరుకు చెందిన కావలి సోదరులూ, వాళ్ల వెంట పనిచేసిన మనుషులూ. పెద్దవాడు వెంకట బొర్రయ్య ముప్ఫై నిండకుండానే 1803లో పోయాడు. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం ఎత్తుకున్నాడు. 1815లో మెకంజీ దేశానికంతటికీ మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, ఆ తర్వాత రెండేళ్లకు మకాం కలకత్తాకు మార్చాడు. సేకరించిన కట్టలతో పాటు తన దగ్గర పనిచేసే ముఖ్యులనూ తీసుకొచ్చాడు. ఇంకో తమ్ముడు రామస్వామి ఈ ఊళ్లోనే 1829లో దక్కన్ కవుల జీవితాలను ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించాడు.

ఇక్కడ నేను చదివినవాటిలో మనసుకు పట్టుకున్నది ఒక శీర్షిక. ఏషియాటిక్ సొసైటీ ప్రచురించిన పరిశోధన వ్యాసాల తొమ్మిదో సంపుటంలో జైనుల గురించి ఒక వ్యాసం ఉంది. ముదిగెరెలో ఒక జైన పూజారి చెప్పిన సంగతులవి. మేజర్ మెకంజీ కోసం వాటిని ఇంగ్లీషు చేసింది కావలి బొర్రయ్య అని శీర్షికలోనే పేరు వేశారు. ఆ సంపుటం వచ్చేనాటికి బొర్రయ్య లేడు. పాత అచ్చు, ఇంగ్లీషు స్పెల్లింగూ వింతగా ఉంటుంది. అయినా ఆ పేరు దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయాను. ఆ రోజుల్లో దొరల పుస్తకాల్లో మన పండితుడి పేరు కనబడటమే అరుదు.

కౌంటర్లో ఉండే పెద్దాయనకు నా వెతుకులాట తెలుసు. వెళ్లొస్తానని చెప్తే, "కాగితాల్లో చూసింది చాలు దీదీ, రేపు పార్క్ స్ట్రీట్ వెళ్లండి, మీ మెకంజీ అక్కడే ఉన్నాడు" అన్నాడు.

శుక్రవారం

ముందు ఏషియాటిక్ సొసైటీ. పార్క్ స్ట్రీట్ మొదట్లోనే ఉంటుంది, ఒకటో నంబరు. విలియం జోన్స్ 1784లో పెట్టిన సంస్థ. కొత్త భవనం వెనక 1808 నాటి పాత భవనం కూడా ఉంది.

మెకంజీ పోయాక ఆయన సేకరణనంతా ఆయన భార్య దగ్గర ఈస్టిండియా కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. విల్సన్ అనే సంస్కృత పండితుడు 1828లో దానికి పట్టిక తయారుచేశాడు. సేకరణ పని ఆగిపోకుండా తాను నడిపిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. ఊళ్లు తెలుసు, మనుషులు తెలుసు, ఏ కట్టలో ఏముందో తెలుసు. ఆ అర్జీ మీద అభిప్రాయం చెప్పాల్సి వచ్చినప్పుడు సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్, ఇలాంటి పనికి లక్ష్మయ్యే కాదు, ఈ దేశస్థుడు ఎవడూ సరిపోడన్నట్టు రాశాడు. ప్రిన్సెప్ చిన్నవాడేం కాదు. ఆ తర్వాత ఏడాదికే, 1837లో, బ్రాహ్మీ లిపిని చదివి అశోకుడి శాసనాలను లోకానికి చెప్పిన మనిషి. అంతటి మేధావి కళ్లకు కూడా, ఇరవై ఏళ్లకు పైగా అదే పనిలో తలమునకలైన లక్ష్మయ్య ఆనలేదు. ఆ భవనం మెట్లెక్కుతుంటే నాకు కోపమూ వచ్చింది, బాధా వేసింది. రెండు వందల ఏళ్ల నాటి సంగతి కదా అని సర్దిచెప్పుకోవడానికి మనసు ఒప్పుకోలేదు.

అక్కడి నుంచి నడిస్తే పార్క్ స్ట్రీట్ పొడవునా హోటళ్లు, బేకరీలు. క్రిస్మస్ కోసం రోడ్డుకి అడ్డంగా దీపాలు కడుతున్నారు. రోడ్డు ఆ చివరకు వెళ్లాక కుడిచేతి వైపు గోడ, గోడ వెనక సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానం. 1767లో మొదలైంది. గేటు దాటి పది అడుగులు వేస్తే చాలు, హారన్ల మోత వెనకబడిపోతుంది. మామూలు సమాధులు కావు, పిరమిడ్లు, స్తంభాలు, గుమ్మటాలు, చిన్నసైజు మంటపాలు. మూడంతస్తుల ఎత్తున లేచినవీ ఉన్నాయి. సున్నం పెచ్చులూడి లోపలి సన్న ఇటుక బయటపడింది, దాని మీద నాచు. చాలామంది వయసులు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. ఇరవై, పంతొమ్మిది, నెలల పిల్లలు. ఇక్కడి వానాకాలం జ్వరాలకు తట్టుకోలేక పోయినవాళ్లే ఎక్కువ.

జోన్స్ సమాధి ఎత్తయిన స్తంభం, దూరం నుంచే కనబడుతుంది. హిందూ ఆచారాల మీద మక్కువతో బతికిన చార్లెస్ స్టువర్ట్ సమాధి గుడి ఆకారంలో ఉంటుంది. కవి డెరోజియో సమాధి మీద ఎవరో ఆ పొద్దున పెట్టిన పూలున్నాయి. కాపలా మనిషిని అడిగి దారి కనుక్కుని మెకంజీ దగ్గరకు వెళ్లాను. స్కాట్లండ్ ఉత్తరాన లూయిస్ దీవిలో పుట్టి, 1783లో ఇటు వచ్చి, మళ్లీ ఇంటి ముఖం చూడకుండా 1821 మే 8న పోయాడు.

అక్కడ నిలబడితే నాకు థామస్ హికీ 1816లో వేసిన బొమ్మ గుర్తొచ్చింది. ఎర్రకోటు వేసుకున్న మెకంజీ మధ్యలో, ఆయన చుట్టూ ముగ్గురు మనవాళ్లు, ఒకరి చేతిలో దుర్భిణి, ఒకరి దగ్గర తాళపత్రాలు, వెనక కొండ మీద గోమఠేశ్వరుడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ దగ్గర ఉంది. అధికారి తన బొమ్మలో తన కింద పనిచేసేవాళ్లనూ నిలబెట్టుకున్నాడంటే, ఆ పని ఒక్కడి వల్ల కాలేదని ఆయనకు తెలుసన్నమాటే. మెకంజీ మీద నాకు గౌరవం నిలిచింది అందుకే.

సాయంత్రం ఇండియన్ మ్యూజియం. ఇక్కడివాళ్లు జాదూఘర్ అంటారు. ఈజిప్టు మమ్మీ దగ్గర బడిపిల్లల వరస గుమ్మం దాకా ఉంది. నేను భార్హుత్ స్తూపం ప్రాకారం దగ్గర కూర్చున్నాను. ఎర్రరాతి స్తంభాల మీద జాతక కథలు చెక్కి, ఏది ఏ కథో పక్కనే బ్రాహ్మీ అక్షరాల్లో రాశారు. రాయి ఇచ్చిన దాతల పేర్లు కూడా చెక్కించారు. రెండువేల ఏళ్ల కిందటి మామూలు మనుషుల పేర్లు! మెకంజీ మనుషులు అమరావతిలో గీసిన స్తూపం బొమ్మలు, అక్కడి నుంచి ఈ ఊరికి తరలిన రాళ్లు తలచుకుంటూ మ్యూజియం మూసే దాకా అక్కడే ఉన్నాను.

శనివారం

ట్రాములు ఇక్కడ 1902 నుంచి కరెంటు మీద నడుస్తున్నాయి, అంతకు ముందు గుర్రాలు లాగేవి. ఇప్పుడు ఒకటి రెండు రూట్లు మిగిలాయంతే. ఎస్ప్లనేడ్‌లో శ్యాంబజార్ ట్రాము ఎక్కాను. కిటికీ చువ్వల పక్క చెక్క సీటు, పైన తిరిగే పాత ఫ్యాను, గంట కొట్టే డ్రైవరు. ట్రాఫిక్‌లో ఆటోలన్నీ దాన్ని దాటిపోతాయి. ఊరు చూడటానికి వచ్చినవాళ్లకు అంతకంటే మంచి బండి లేదు. దుకాణం బోర్డులు చదువుకుంటూ, అరుగుల మీద పేపరు చదివే ముసలాళ్లను చూస్తూ పోవచ్చు.

కాలేజ్ స్ట్రీట్‌లో దిగాను. ప్రెసిడెన్సీ యూనివర్సిటీ గోడ పొడవునా చెక్క బడ్డీలు, వాటి నిండా పుస్తకాలు. ఒక దుకాణం దగ్గర దక్షిణాది చరిత్ర పుస్తకాలున్నాయా అని అడిగాను. ఆ కుర్రాడు లేచి, మనిషెత్తు దొంతరలో నడుము భాగాన ఒక పుస్తకాన్ని పట్టుకున్నాడు. ఎడమ అరచేయి దాని పైనున్న పుస్తకాల కింద పెట్టి ఆనించాడు, కుడిచేత్తో ఒక్క లాగు లాగాడు. పైన యాభై పుస్తకాలు దడేలున ఒక అంగుళం దిగి కూర్చున్నాయి, ఒక్కటీ పడలేదు. దుమ్ము దులిపి నా చేతికిచ్చి, "ఇది కాకపోతే ఇంకోటి ఉంది" అని ఈసారి ఇంకా అడుగు నుంచి లాగాడు. అవసరం లేకపోయినా ఆ లాగుడు చూడటానికి మూడో పుస్తకం కూడా అడిగాను, చివరికి మూడూ కొన్నాను.

రామస్వామి పుస్తకం అచ్చయిన నాటికి ఈ వీధిలోని సంస్కృత కళాశాల మొదలై కొన్నేళ్లే అయింది. అప్పటి కలకత్తాలో ముద్రణ జోరుగా ఉండేది. విలియం కేరీ తెలుగు వ్యాకరణం కూడా ఈ ఊరికి దగ్గర్లోని శ్రీరాంపూర్‌లోనే 1814లో అచ్చయింది. మన భాష అచ్చులో తొలి అడుగులు వేసిన చోట్లలో ఈ హుగ్లీ ఒడ్డు కూడా ఒకటని మనలో ఎందరికి గుర్తుంది? నన్నడిగితే తెలుగు చదివే పిల్లల్ని కనీసం ఒకసారి శ్రీరాంపూర్ తీసుకురావాలి.

కాఫీ హౌస్ మేడ మీద ఉంది. ఎత్తయిన కప్పు, పొడుగు కాడల ఫ్యాన్లు, తలపాగా చుట్టుకున్న వెయిటర్లు, నలుగురి బల్ల దగ్గర ఎనిమిది మంది. గోల వల్ల పక్కవాళ్ల మాట వినబడదు కాబట్టి అందరూ ఇంకా గట్టిగా మాట్లాడతారు. పాలు లేని కాఫీని ఇక్కడ ఇన్ఫ్యూజన్ అంటారు. అది తాగుతూ కొత్త పుస్తకాలు తిరగేశాను.

మధ్యాహ్నం జోరాసాంకో, ఠాగూర్ పుట్టిన ఇల్లు. 1941లో ఆయన కన్నుమూసిందీ ఆ ఇంట్లోనే. ఆ రోజు జనం బాగా ఉన్నారు, త్వరగా బయటపడ్డాను.

అక్కడి నుంచి చిత్‌పూర్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళ్తే కుమార్‌టులి, బొమ్మలు చేసేవాళ్ల పేట. దసరా ఎప్పుడో అయిపోయింది కదా, ఖాళీగా ఉంటుందనుకున్నాను. ఎక్కడ ఖాళీ! శ్రీపంచమికి కావలసిన సరస్వతి విగ్రహాలు సందు పొడవునా నిలబడి ఉన్నాయి. కొన్ని ఇంకా వెదురు చట్రానికి తాళ్లతో బిగించిన గడ్డి బొమ్మలే. కొన్నిటికి ఊక కలిపిన మొదటి మట్టిపూత అయింది, ఆరి నెర్రెలిచ్చింది. ఒకాయన గోచీ బిగించి కూర్చుని, పాతగుడ్డ పేలికల్ని పల్చటి మట్టినీళ్లలో ముంచి ఆ నెర్రెల మీద అతికిస్తున్నాడు. గుడ్డ అంచు కనబడకుండా తడిచేత్తో నిమురుతున్నాడు, పుండుకు కట్టు కట్టినంత జాగ్రత్తగా. తలలు విడిగా చేస్తారు. ఒక చెక్కబల్ల మీద అవన్నీ వరసగా ఆరుతున్నాయి, కళ్లు ఇంకా గీయలేదు. ఇక్కడి బొమ్మల కింద చేసినవాడి పేరుండదు. కానీ పేటలో ఎవర్నడిగినా ఏ చేతి పని ఏదో చూసి చెప్పేస్తారు.

ఆదివారం

నా పనికి నేరుగా సంబంధం లేకపోయినా, బొటానికల్ గార్డెన్ చూడకుండా వెళ్లకూడదని ముందే అనుకున్నాను. కారణం సామర్లకోట. విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు 1781 నుంచి పన్నెండేళ్లు సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియాలు, నీలిమందు, చెరకు సాగు మీద ప్రయోగాలు చేశాడు. అడవుల్లో దొరికిన ప్రతి మొక్కకూ బొమ్మ గీయించాడు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వచ్చాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం మూడు సంపుటాలు, మూడు వందల బొమ్మలు. అందులో చెట్ల తెలుగు పేర్లు కూడా రాశాడు.

ఎస్ప్లనేడ్ నుంచి బస్సు విద్యాసాగర్ సేతు మీదుగా శిబ్‌పూర్ వెళ్తుంది. ఆదివారం కాబట్టి తోట నిండా కుటుంబాలు, క్యారియర్లు, క్రికెట్టు. ఊడలమర్రి తోటలో దూరంగా ఉంటుంది. నడిచే ఓపిక లేనివాళ్ల కోసం బ్యాటరీ బండ్లున్నాయి. నేను నడిచాను.

దాన్ని మొదట చూసినప్పుడు ఒక చెట్టని నమ్మబుద్ధి కాదు. చిట్టడవే. వయసు రెండువందల యాభై ఏళ్లు దాటింది. 1864, 1867 తుపానుల్లో దెబ్బతిని, తర్వాత బూజు తెగులు పట్టి మొదటి మాను కుళ్లిపోయింది. 1925లో దాన్ని కోసి తీసేశారు. చెట్టు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది, మూడు వేలకు పైగా ఊడలు నేలలో దిగి కొమ్మల్ని మోస్తున్నాయి. చుట్టూ కట్టిన కంచెను, అటు పక్క రోడ్డును దాటి కొమ్మలు బయటికి వచ్చేశాయి. లేత ఊడలు సూటిగా దిగేలా తోటవాళ్లు వాటికి వెదురు బొంగులు తొడిగారు. బొంగు చివర మట్టిలో గుచ్చి ఉంది, దాంట్లోంచి ఊడ నేలను అందుకుంటుంది. కంచె వెంట ఒక చుట్టు తిరిగేసరికి ఇంకో చుట్టు తిరగాలనిపించింది.

నది ఒడ్డున రాక్స్‌బర్గ్ ఉన్న ఇల్లు చూశాను. ఆయన గీయించిన రెండున్నర వేలకు పైగా బొమ్మల కట్ట ఒకటి ఈ తోట పక్కనే, ఎండబెట్టిన మొక్కలు దాచే హెర్బేరియంలో భద్రంగా ఉంది. వాటిని గీసింది మన చిత్రకారులు. ఆకు వెనకవైపు ఈనెలు, గింజను నిలువునా కోస్తే లోపల ఉండేది, అన్నీ లెక్కతప్పకుండా దించారు. సామర్లకోట చుట్టుపక్కల ఏ కోయ ముసలామెనో, ఏ వైద్యుడో ఆ చెట్టు పేరు చెప్పి ఉంటారు. మొక్కల శాస్త్రీయ నామాల వెనక రాక్స్‌బర్గ్ పేరు ఈనాటికీ ఉంది. బొర్రయ్య పేరు శీర్షికలోకి ఎక్కింది కానీ, వీళ్ల పేర్లు ఎక్కలేదు. నా తర్వాతి పని ఇటువైపు తిరిగినా తిరగొచ్చు.

తిరుగు బస్సు వంతెన దాటగానే దిగి ప్రిన్సెప్ ఘాట్‌కు వెళ్లాను. 1840ల్లో జేమ్స్ ప్రిన్సెప్ స్మారకంగా కట్టిన తెల్లని స్తంభాల మంటపం. నది పక్కకు జరిగింది, ఇప్పుడు ఘాట్‌కూ నీటికీ మధ్య రోడ్డూ, రైలు పట్టాలూ ఉన్నాయి. జంటలు ఫొటోలు తీసుకుంటున్నారు, పిల్లలు బుడగలు ఊదుతున్నారు. బల్ల మీద కూర్చుని ఝాల్‌ముడి తింటూ, ఇదే నగరంలో లక్ష్మయ్య పేరుతో ఒక చిన్న పలకైనా ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను. ఏషియాటిక్ సొసైటీ మెట్ల దగ్గర పెట్టాలి దాన్ని. బ్రాహ్మీ చదివినవాడికి ఘాట్ కట్టడం న్యాయమే. కైఫీయత్తులు పోగుచేసినవాడికి పలక పెట్టడమూ అంతే న్యాయం.

సోమవారం

తెల్లారకముందే మల్లిక్ ఘాట్ పూలబజారు. హౌరా వంతెన కిందే ఉంటుంది. బంతిపూల దండలు చుట్టలు చుట్టలుగా నెత్తిన పెట్టుకుని మనుషులు పరుగులు తీస్తుంటారు. పక్కకు తప్పుకోకపోతే తోసుకుపోతారు. నేల మీద తొక్కిన పూల బురద. పైన వంతెన. 1943లో తెరిచారు. నదిలో ఒక్క స్తంభం లేకుండా ఒడ్డు నుంచి ఒడ్డుకు, నట్టూ బోల్టూ లేకుండా అంతా రివెట్లతో బిగించారు.

లాంచీలో అటు ఒడ్డుకు వెళ్లి, మెట్రోలో ఇటు ఒడ్డుకు వచ్చాను. దేశంలో మొదటి మెట్రో 1984లో ఈ ఊళ్లోనే నడిచింది, నది అడుగున సొరంగం మాత్రం 2024లో తెరిచారు. నది కిందికి రాగానే సొరంగం గోడలకు నీలం దీపాలు కనబడతాయి. ముక్కాల్ నిమిషంలో దాటేస్తుంది. ఆ కాసేపూ పెట్టెలో అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

మధ్యాహ్నం సామాను సర్దాను. పుస్తకాలకే ఒక అట్టపెట్టె పట్టింది.

మంగళవారం

బయల్దేరుతుంటే ఇంటావిడ, నేను మాషిమా అని పిలిచే పెద్దావిడ, గుమ్మం దాకా వచ్చి "దుగ్గా దుగ్గా" అంది. ప్రయాణమయ్యేవాళ్లను ఇక్కడ దుర్గమ్మకు అప్పజెప్పి పంపుతారు. చేతిలో ఖర్జూర బెల్లం సందేశ్ పొట్లం పెట్టింది.

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ పొద్దున బయల్దేరింది. ఖరగ్‌పూర్‌లో నలుగురైదుగురు ఎక్కారు, అందరూ తెలుగే. రైల్వే ఉద్యోగాలకని తాతల నాడు వచ్చి ఆ ఊళ్లోనే స్థిరపడిన కుటుంబాలట. పక్క సీటు పెద్దాయన నా అట్టపెట్టె చూసి, "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగాడు. కావలి సోదరుల కథ చెప్పాను. ఏలూరు అనగానే ఆయన ముందుకు వంగాడు, వాళ్ల అమ్మమ్మగారిది ఏలూరు పక్కనేనట. తమ ఊరికి కైఫీయత్తు ఉందేమో ఎలా తెలుస్తుందని అడిగాడు. తాలూకా పేరు, ఊరి పాత పేరు రాయించుకున్నాను.

మెకంజీ సేకరణలో తెలుగు భాగం పాడైపోతుంటే సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. అవి చెన్నైలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. సంక్రాంతి వెళ్లాక అక్కడికి వెళ్లాలి. పెద్దాయన ఊరి పేరు నా నోట్సులో మొదటి పేజీలోనే ఉంది.